ఏడు మీద ఒకటి

వంటింటి బల్ల మీద నాలుగు స్పీకర్లు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. మూతపడ్డ ఊరి క్లబ్బు నుంచి మామగారు ఎప్పుడో మోసుకొచ్చినవి. ఏది ఎన్ని ఓములో చెప్పే అక్షరాలు ఏనాడో చెరిగిపోయాయి. లెక్క తప్పి కలిపితే రేపు పెళ్ళి మధ్యలో యాంప్లిఫయరు మాడిపోతుంది.

అందుకే బాతిమా పొద్దున్నించీ కొలిచే సరంజామా కడుతోంది. ఫోనులోంచి ఒక కూత, చిన్న యాంప్లిఫయరు, తిప్పితే మారే రెసిస్టరు, పాత సూది మీటరు. రెసిస్టరునీ స్పీకరునీ ఒకదాని వెనక ఒకటి కట్టాలి. రెండింటి మీదా సూది ఒకే చోట నిలిచేదాకా తిప్పాలి. అప్పుడు రెసిస్టరు ఎన్ని ఓములో స్పీకరూ అన్నే.

కొలవడం తేలికే. చెప్పడమే కష్టం.

మామగారి పేరు సెగిజ్‌బాయ్. వాళ్ళమ్మకి ఎనిమిదో కాన్పు. వాళ్ళ భాషలో సెగిజ్ అంటే ఎనిమిదే మరి. మామ పేరు కోడలి నోట రాకూడదు కదా, ఈ గడప తొక్కిన రోజే బాతిమా నోట్లోంచి ఓ అంకె ఊడిపోయింది. కొట్లో గుడ్లు అడిగినా "ఏడు, ఇంకోటి" అంటుంది. కొట్టువాడు పడీపడీ నవ్వుతాడు. మొగుడు వదిలేసిన పక్కింటి కోడలు మాత్రం బస్సెక్కబోతూ మామ పేరు వీధంతా వినబడేలా అరిచి మరీ వెళ్ళింది. ఆవిడకిక అడ్డేముంది?

బాతిమాకి ఈ ఇల్లే కావాలి. ముల్లా నిఖా చదివి నాలుగేళ్ళయింది, రిజిస్ట్రేషను మాత్రం కాలేదు. మొగుడు సంజార్ ఎక్కడో చమురు బావుల దగ్గర పని. వచ్చినప్పుడల్లా "ఈసారికి పోనీ" అంటాడు. రేపు తమ్ముడి పెళ్ళికని వస్తున్నాడు.

"పెళ్ళి సవ్యంగా కానీయమ్మా," అంది అత్త కులాష్. "నీ సంగతీ రేపే తేల్చేద్దాం."

ఆ గొంతులో అంత మెత్తదనం బాతిమా ఎన్నడూ వినలేదు. లేచి చాయ్ పోయబోతే అత్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వుండు. ఇవాళ్టికి నేను పోస్తాలే."

కోడలుండగా అత్త చాయ్ పోయడం ఈ జార్కెంట్ ఊళ్ళో ఎవరైనా చూశారా? బాతిమా కళ్ళు చెమర్చాయి. ఎట్టకేలకు ఈ ఇంటి మనిషినయ్యానని పొంగిపోయింది.

మొదటి స్పీకరు కట్టింది. సూది నిలిచింది.

"ఎంతొచ్చింది కోడలుపిల్లా?" అన్నాడు మామ.

"నాలుగు మామయ్యా."

రెండోదీ నాలుగే. మూడోదానికి నవ్వాపుకుంటూ అంది: "ఏడు మీద ఒకటి."

ఈ మాటకి సెగిజ్‌బాయ్ ఎప్పుడూ గడ్డం ఊగిపోయేలా నవ్వేవాడు. "నా పేరుతో నీకెన్ని తిప్పలే" అనేవాడు. ఇవాళ చాయ్ గిన్నెని చేతుల్లో గుండ్రంగా తిప్పుతున్నాడు.

"పెళ్ళి హడావిడిలో అలిసిపోయారు," అనుకుంది బాతిమా. నాలుగోది కట్టి, మెల్లగా తిప్పింది. సూది వణికి, వణికి, కుదురుకుంది.

"ఇదీ ఏడు మీద ఒకటే మామయ్యా. జత కుదిరింది. రేపు మా మరిది పెళ్ళిలో చూడండి, పాట నాలుగు వీధులవతలకి వినపడాలి. మా ఆయన దిగేసరికి నేనే మోగిస్తా."

కులాష్ దిగ్గున లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. సెగిజ్‌బాయ్ గిన్నె బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిదనే అను బాతిమా, రేపట్నించి నా పేరు పలకకూడనిది ఈ పెళ్ళిలో సంజార్ చేసుకోబోయే పిల్లే."