వద్దంటే పొగమంచు

చూపు పోయిన నాంచారమ్మకు కెమెరా కళ్లు పెట్టారు. అనుమతి లేకుండా మనిషిని కెమెరాలో పట్టకూడదన్న చట్టం వాటికీ వర్తించింది. ఎదుటి మనిషి ‘వద్దు’ అంటే చాలు, ఆమెకు వట్టి పొగమంచే.

మొగుడు పేరయ్య చెయ్యెత్తే ముందు ‘వద్దు’ అనేవాడు. మంచు కమ్మగానే ఆమె చేతులతో తల కప్పుకునేది. స్టేషనుకు వెళ్తే, “మొహం చూడలేదంటున్నావు, కేసెట్టా రాసేదమ్మా?” అన్నారు.

ఒక సాయంత్రం పనినుంచి వచ్చేసరికి వంటింటి మూల కూతురి ఎత్తున చిన్న మంచుముద్ద నిలబడి ఉంది.

“నువ్వెందుకే వద్దన్నావు?”

“చూస్తే ఏడుస్తావుగా అమ్మా.”

నాంచారమ్మ చెయ్యి చాచి తడిమింది. లేత చెంప మీద నాలుగు వేళ్ల వాతలు ఉబ్బి తగిలాయి. అవెవరి వేళ్లో చెప్పడానికి ఆమెకు కళ్లక్కర్లేకపోయింది.