కడిగిన నీళ్లు

పదకొండేళ్లుగా మా టవర్లో కొత్తగా దిగినవాళ్లకి మట్టి లేకుండా మొక్కలు పెంచడం నేర్పుతున్నాను. నలభై అంతస్తుల గొట్టాల్లోనూ ఒకటే నీరు తిరుగుతుంది. ఒక్క ఇంట్లో వేరు కుళ్లితే అందరి కూరా పోతుంది. అందుకే మొదటి పాఠం, బయటి మొక్క తెస్తే వేళ్లకి రవ్వంత మట్టి కూడా మిగలకూడదు. ఈ టవర్లోనే పుట్టిన నేను మట్టిని చూసేది అలా కడిగేటప్పుడే.

ఈమధ్యే మా టవర్లో దిగిన మస్తానమ్మగారు ఊళ్లో తన పెరటి మల్లెమొక్కని తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. నేను బేసిన్లో వేళ్లు కడుగుతుంటే చూడలేక తల తిప్పుకున్నారు.

"అదంతా పోవాల్సిందేనా అమ్మా?"

"పోవాలండీ. లేకపోతే మొక్క బతకదు."

"ఇన్నాళ్లూ దాంట్లోనేగా బతికింది."

కొత్తవాళ్లందరూ అనే మాటే. కంఠతా వచ్చిన జవాబు చెప్పి, తెల్లగా తేలిన వేళ్లని గొట్టం కంతలోకి దించాను.

ఇక బేసిన్లో నీళ్లు పారబొయ్యాలి. ఎందుకో పారబొయ్యలేకపోయాను. ఎర్రమన్ను మెల్లగా అడుక్కి దిగుతోంది. ఆ వాసనకి నోట్లో నీళ్లూరాయి. నాకు తెలియకుండానే వేలు అడుగుదాకా వెళ్లి నాలుక మీదికి వచ్చింది.

తలెత్తేసరికి ఆవిడ చూస్తున్నారు. సిగ్గేసి చెయ్యి తుడుచుకున్నాను. మస్తానమ్మగారు నవ్వలేదు. బేసిన్ని ఇంకాస్త నా వైపు జరిపారు.

"ఎన్నో నెలమ్మా?" అన్నారు.

అప్పుడుగాని నేను రోజులు లెక్కపెట్టుకోలేదు.