డ్రైవరెవడు?

పెట్రోలు ట్యాంకరు డిపో గేటు దాటబోతుంటే ఒక పెద్దాయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

కొత్త డ్రైవరు బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు.

"చావాలనుందా నీకు?"

"కొత్తవాడివి కదూ?" అన్నాడు పెద్దాయన, ఆ తిట్టు తనది కానట్టు. "ఈ లోడు నీకొద్దు బాబూ. కొన్నేళ్ళు సిమెంటు తోలు, ఇటుకలు తోలు. చెయ్యి తిరిగాక రా."

వాచ్‌మన్ నవ్వాడు. "పట్టించుకోకు తమ్ముడూ. కొత్త మొహం కనిపిస్తే చాలు, వచ్చి ఇలాగే నస పెడతాడు. ఈ సీటు మీద కన్నేశాడేమో!"

కొత్త డ్రైవరుకూ అలాగే అనిపించింది. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. సిమెంటు బండి జీతం తిండికే చాలేది కాదు. ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగితే, ఎందరి కాళ్ళు పట్టుకుంటే దొరికింది ఈ బండి! పెద్దాయన అతని కంటికి నోటి దగ్గర కూడు లాగేసే మనిషిలా కనిపించాడు.

"పోనీ, నన్నూ ఎక్కించుకో. దారంతా నోరెత్తను."

ట్యాంకరులో పరాయివాళ్ళను ఎక్కించకూడదు. కానీ ఈ గొడవ ఇక్కడితో వదిలితే చాలనుకుని తలుపు తీశాడు.

పెద్దాయన మాట మీద నిలబడ్డాడు, మొదటి బంకులో సగం పెట్రోలు దించేదాకా.

"ఇప్పుడు మెల్లగా పోనీ బాబూ. సగం ట్యాంకు మంచిది కాదంటారు."

"సగం బరువు దిగింది. బండి చెప్పినట్టు వినేది ఇప్పుడే పెద్దాయనా!" అని ఈల వేస్తూ వేగం పెంచాడు కొత్త డ్రైవరు.

మలుపులో సైకిలొకటి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. బండి ఆగబోయింది గానీ లోపలి పెట్రోలు ఆగలేదు. ఖాళీ జాగా దొరికింది కదా, ఒక్క ఊపున వచ్చి తోసింది. సైకిలును గుద్ది, ట్యాంకరు పక్కకు ఒరిగి పడిపోయింది.

ఇద్దరూ పగిలిన అద్దంలోంచి పాకి బయటపడ్డారు. సైకిలువాడు కాలు విరిగి గోలపెడుతున్నాడు. పెట్రోలు రోడ్డు మీద కాలవలా పారుతోంది.

"పరిగెత్తు!" అన్నాడు పెద్దాయన.

కొత్త డ్రైవరు పరుగున పోయి దూరంగా ఒక గోడ వెనక నక్కాడు.

అంతలో వీధి వీధంతా కదిలొచ్చింది. బిందెలు, బకెట్లు, డబ్బాలు. చంకలో బిడ్డతో ఒకామె. నోట్లో సిగరెట్టుతో ఒకతను.

"దగ్గరికి రాకండి! అంటుకుంటుంది! మీకు దణ్ణం పెడతాను!" పెద్దాయన చేతులు చాచి అడ్డం పడ్డాడు.

"నీ అబ్బ సొమ్మా? తప్పుకో!" అని ఒకడు తోసేశాడు.

ఇంకొకడు సైకిలువాణ్ణి చూసి అరిచాడు. "మనవాణ్ణి గుద్దేశార్రా! డ్రైవరెవడు?"

గోడ వెనక కొత్త డ్రైవరు ఇంకా కిందికి వంగాడు.

పెద్దాయన ఆ బిందెల వైపు ఒక్క క్షణం చూశాడు.

"నేనే!" అన్నాడు. "నేనే గుద్దాను. ఏం పీకుతారు మీరు? చేతనైతే పట్టుకోండి!"

రాయి తీసి గుంపు మీదికి విసిరి, బండి వచ్చిన దారినే పరుగు లంకించుకున్నాడు.

బిందెలు ఎక్కడివక్కడే పడ్డాయి. ఆడా మగా అంతా వెంటపడ్డారు. సైకిలువాణ్ణి కూడా ఇద్దరు మోసుకుపోయారు.

'పిచ్చివాడు, నా నెత్తిన పాలు పోశాడు' అనుకున్నాడు కొత్త డ్రైవరు. అలా అనుకున్నందుకు తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేడు.

దూరం నుంచి దెబ్బల చప్పుడు వినిపించింది. 'ఆయన కాదు, నేను' అని అరవబోయి లేచాడు, మళ్ళీ గోడ వెనకే నక్కాడు.

అప్పుడు భగ్గుమంది ట్యాంకరు.

మంటల్లో ఒక్క ప్రాణి లేదు. బిందెలు మాత్రం కరిగిపోతున్నాయి.

గుంపు వెనక్కి తిరిగి చూసింది. ఎత్తిన చేతులు దిగిపోయాయి. చంకలో బిడ్డ ఉన్నామె నడిరోడ్డు మీద కూలబడింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. పెద్దాయన అవి తాగే స్థితి దాటిపోయాడు.

ఆసుపత్రిలో, శవాల గది బయట, కొత్త డ్రైవరు ఆయన అక్క కాళ్ళ మీద పడ్డాడు.

"బండి నడిపింది నేనమ్మా. ఆ తప్పు ఆయన తన మీద వేసుకున్నారు. ఎన్నేళ్ళు నడిపారమ్మా ఆయన ట్యాంకరు?"

"మా తమ్ముడా? వాడికి సైకిలు తొక్కడం కూడా రాదు నాయనా," అందామె.

తర్వాత శవాల గది తలుపు వైపు చూస్తూ, "వెనకటికి మా వీధిలో ట్యాంకరు పడ్డప్పుడు, బిందెలిచ్చి పెళ్ళాన్నీ పిల్లల్నీ పెట్రోలు పట్టుకురమ్మని పంపింది వీడే" అంది.