మంచు మీద ఎనిమిది

కీరా మార్కోవ్నా చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి, గడ్డకట్టిన చెరువు మీద మోకాళ్ళూనింది. డెబ్బై దాటిన మనిషి. ముక్కు మంచుకు ఆనేంతగా వంగింది.

ప్రోఖోర్ చీపురు పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. బాతులా నడిచే మనిషి, మాట తక్కువ. ఆ మంచుకు నీళ్ళు పోయడం, ఊడవడం ముప్పై ఏళ్ళుగా అతని పని.

అగ్నియా ల్వోవ్నా పడకేసిందని ఎవరో పట్నంలోని క్రీడా సంఘానికి ఉత్తరం రాశారు. నిజమైతే సోమవారం బండి వచ్చి ఆమెను వృద్ధాశ్రమానికి తీసుకుపోతుంది. కాదంటే ఒడ్డు మీది చెక్క ఇంట్లోనే ఉండనిస్తారు. ఏది నిజమో తేల్చమని కీరాను పంపారు. ఈ మంచు కనబడని చోట తను బతకనని అగ్నియా ప్రోఖోర్‌తో ఒకటే మాట చెప్పింది.

ఉన్ని బూట్లకు తాళ్ళతో ఇనుప బద్దలు కట్టుకుని ఈ చెరువు మీదే జారడం నేర్చుకున్న పిల్ల అగ్నియా, పదకొండేళ్ళు ప్రపంచంలో ఎవరికీ ఓడలేదు. ఆ రోజుల్లో ఎగరడాలు, గింగిరాలు తరవాతి మాట. ముందు ఒంటికాలి మీద జారుతూ ఎనిమిది అంకె గీయాలి. ఆ గీత మీదే మళ్ళీ, మళ్ళీ, మూడుసార్లు. న్యాయనిర్ణేతలు మంచు మీద పాకుతూ వాటిని కొలిచేవాళ్ళు. ఆ పోటీల్లో ప్రతిసారీ రెండోస్థానం కీరాది. తరవాత కొలిచే పనీ ఆమెదే అయింది.

"మంచు మీదికి ఏ వేళప్పుడు వస్తుంది?" అని కీరా అడిగింది.

"తెల్లారకముందే. ఎవరూ చూడకూడదు."

"దాని బుద్ధే అంత."

వేలిగోటితో మంచు మీది ఎనిమిది గీత వెంట పోయింది. మూడు చుట్లు, ఒకటే గీత.

"ముసలితనంలో ఒళ్ళు చేసినట్టుంది. గీత లోతుగా పడింది."

ప్రోఖోర్ చీపురు చేయి మార్చుకున్నాడు. "బంగాళాదుంపలంటే ప్రాణం," అన్నాడు.

కీరా పాక్కుంటూ నడుమకు చేరింది, రెండు సున్నాలు కలిసే చోటికి. అక్కడ ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు అగ్నియా గీతలు నీళ్ళు పోసి చెరిపినవాడు ప్రోఖోరే. సరిగ్గా అక్కడ అగ్నియా కాలు వెంట్రుకవాసి బయటికి జారేది. బంగారు పతకాలు తెచ్చిన గీతల్లోనూ ఆ జారుడు ఉంది. ఆ సంగతి ఎరిగినవాళ్ళు ముగ్గురే.

కీరా తలెత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"జారుడు లేదు. పోటీ పడ్డన్నాళ్ళూ ఈ తప్పు కోసమే దాని గీతలు వెతికాను. డెబ్బై మూడో ఏట దిద్దుకుంది." "ఇట్లాంటి ఎనిమిది నేనెక్కడా చూడలేదు, ప్రోఖోర్. ఎవరూ చూసి ఉండరు."

లేవబోతూ మళ్ళీ వంగి, గుడిలో పటానికి పెట్టినట్టు ఆ గీతకు ముద్దు పెట్టింది.

లోపలికి వచ్చి టీ తాగమని ప్రోఖోర్ పిలిచాడు, రాకపోతే బాగుండునని లోపల అనుకుంటూనే. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మనిషి ముఖం చూసి నేనెన్నడూ మార్కులు వేయలేదు, మంచునే చూశాను. ఇది పడకేసిన మనిషి గీసే గీత కాదు. బండి రాదని చెప్పు దానికి."

రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయింది.

ప్రోఖోర్ ఇంట్లోకి వచ్చి పొయ్యి పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే, కిటికీ పక్క మంచం మీది నుంచి అగ్నియా, కీరా ఏమందని అడిగింది. బండి రాదన్నాడు.

"అది కాదు. నడుమ సంగతి?"

"జారుడు లేదంది."

అగ్నియా కిటికీలోంచి మంచు వైపు చూసింది.

"నా కాలికి ఏనాడూ లొంగనిది, నీ కాలికి లొంగిందన్నమాట," అంది.