తాళం అక్కర్లేని పెట్టె

“పింగ్ కొడితే ఆఫీసు కంప్యూటరు పలుకుతోందక్కా. ఫోల్డరే రావట్లేదు,” అంది పిచ్చుక, కుర్చీ వెనక్కి తిప్పి.

అక్క తల ఎత్తలేదు. “కేబుల్ చూశావా?”

“మార్చాను కూడా. ల్యాప్‌టాప్ నుంచి అదే ఫోల్డరు శుభ్రంగా తెరుచుకుంటోంది. మన పెట్టెకు దాన్ని తగిలిద్దామని మౌంట్ కొడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఒకసారి వచ్చి చూడవా?”

“నువ్వుండగా నేనెందుకమ్మా!”

ఆ చిన్న కంపెనీలో అందరికీ ఆమె అక్కే. మందులు నిల్వ ఉంచే చల్లగదుల్లో ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండే పెట్టెలు అక్కడ తయారవుతాయి. లోపల అరచేతిలో పట్టే బోర్డు, అందులో చోటు చాలక కత్తిరించి కత్తిరించి కుదించిన లినక్స్ సాఫ్ట్‌వేర్. ఆ పెట్టె తను చూసినదంతా నెట్‌వర్క్ మీదుగా ఆఫీసు కంప్యూటర్లోని ఫోల్డరులో రాయాలి. మొట్టమొదటి పెట్టెకు ప్రాణం పోసింది అక్కే. కొత్తగా చేరిన ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఓనమాలు దిద్దించిందీ అక్కే. ఒక్కచోట నిలవదని పిచ్చుక అని పేరు పెట్టిందీ తనే.

ఇప్పుడు ఆ పిచ్చుక కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటోంది. అక్క ఎన్నాళ్లుగానో అడుగుతున్న బల్ల అది. యజమాని ఇదివరకు టీ కప్పు పట్టుకుని అక్క బల్లకు ఆనుకుని నిలబడేవాడు. ఇప్పుడు నేరుగా కిటికీ వైపే నడుస్తున్నాడు. మొన్న ఎవరో వస్తే “మా ఇంజనీరు” అంటూ ఆ పిల్లనే చూపించాడు. పని చేస్తూ బోర్డుతో గొణుక్కోవడం అక్క అలవాటు. అదీ ఆ పిల్లకు అంటుకుంది. ఆ గొణుగుడు వినపడినప్పుడల్లా అక్కకు ఒళ్లు మండిపోయేది. తన దగ్గర ఇంకేం మిగిల్చిందని?

జబ్బేమిటో వింటూనే ఆమెకు తెలిసిపోయింది. ఒకే ఫైలు మీద ఇద్దరు ఒకేసారి రాయకుండా తాళం వేసే ప్రోగ్రాము ఒకటుంటుంది. పెద్ద కంప్యూటర్లలో అది ఉండనే ఉంటుంది. ఈ బుల్లి పెట్టెలో చోటు కోసం దాన్ని పీకేశారు. తాళం అక్కర్లేదని చెప్పడానికి ఆ మౌంట్ ఆదేశంలో ‘నోలాక్’ అన్న ఒక్క మాట చేర్చాలి. చేర్చకపోతే పెట్టె లేని కాపలావాడి కోసం ఎదురుచూస్తూ అలాగే కూర్చుంటుంది.

ఒక్క మాట. అక్క దాన్ని నాలుక కిందే దాచుకుంది.

యజమాని హడావిడిగా వచ్చాడు. “కొనేవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఇంకా కాలేదా?”

“అక్కకి తెలుస్తుంది సార్. అక్కనడగండి,” అంది పిచ్చుక.

ఆయన ఇటు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఇటు తిరిగాడు. అయినా అక్క మనసు కరగలేదు.

“ఈ మధ్య అన్నీ చూస్తున్నది తనే కదా సార్. నాకేం తెలుస్తుంది?”

“పాత పెట్టెకీ ఇలాగే అయిందన్నావు కదక్కా. కాస్త గుర్తు తెచ్చుకో.” పిచ్చుక కుర్చీ ఆమె వైపు జరిపింది.

“గుర్తు లేదు.”

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. అక్కకు లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఇప్పుడు తెలుస్తుంది అందరికీ, ఎవరు ఎంతో.

“నువ్వే ఏదో ఒకటి చెయ్యమ్మా, వాళ్లు వెళ్లిపోతారు!” అన్నాడు యజమాని.

పిచ్చుక అక్క వైపు ఇంకొక్కసారి చూసింది, చాలాసేపు. తర్వాత తెర వైపు తిరిగి ఏదో టైపు చేసింది. తెర మీద ఫైళ్ల పేర్లు జలజలా రాలాయి. యజమాని ఊపిరి పీల్చుకుని పరుగున వెళ్లి వచ్చినవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు ఆ పిల్లతో చేయి కలిపి మరీ మెచ్చుకున్నారు. అక్క ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది.

సాయంత్రం ఆయన ఆమెను తన గదిలోకి పిలిచాడు.

“ఇద్దరిని ఉంచే స్తోమత నాకు లేదమ్మా. ఎవరిని ఉంచాలో నిన్నటిదాకా తేల్చుకోలేకపోయాను. మీకు తెలియని పని లేదని ఆ పిల్ల నాతో పోట్లాడింది కూడా. ఇవాళ చూశాను కదా.”

అక్క లేచి వచ్చేసింది. ఆ పిల్ల ముందు తనను ఆకాశానికెత్తి, తర్వాత అందరి ముందూ కింద పడేసిందన్నమాట. ఎంత తెలివి! సంచి సర్దుకుని బయటికొచ్చేసరికి పిచ్చుక మెట్ల దగ్గర కళ్లు తుడుచుకుంటోంది.

“ఇంకా ఈ ఏడుపెందుకు? గెలిచావుగా!”

“గెలవాల్సింది నువ్వక్కా.”

“చాల్లే నటన!”

పిచ్చుక తల వంచుకుంది.

“ఆయన ముందు నువ్వే సరిచేస్తావని, పొద్దున ఆ ‘నోలాక్’ తీసేసింది నేనే.”