తల్లిపొర

మబ్బు లేదు. అయినా నా అడవిలో వాన చప్పుడు.

పైన గొంగళిపురుగులు ఆకు తింటున్నాయి. కింద ఎండుటాకుల మీద వాటి పెంటికలు రాలుతున్నాయి.

ఈ ఏడు సార్డీనియా దీవంతా పురుగు పట్టింది. ఏ కాలంలోనూ పచ్చదనం పోని నా ఓక్ చెట్లు మోడులయ్యాయి.

రాళ్లగోడ అవతల తమ్ముడు లారెంతువి పచ్చగా ఉన్నాయి.

ఏప్రిల్లో విమానంతో మందు కొట్టారు. సంతకం పెట్టినవాళ్ల అడవులకే. ఆ కాగితం నా దగ్గరికి తెచ్చింది లారెంతు.

అందుకే పెట్టలేదు.

మా చెట్ల బెరడుతో సీసాలకు బిరడాలు చేస్తారు. పదేళ్లకోసారి ఒలుస్తాం. ఇది పదో ఏడు. ఆకు లేని చెట్టును ఒలిస్తే చచ్చిపోతుంది.

లారెంతు గోడ మీద మోచేతులు ఆనించాడు.

“అన్నా, రేపు మావి ఒలుస్తున్నాం. నువ్వు రావాలి.”

“కూలోళ్లు లేరా?”

“ఉన్నారు. వాళ్లు గొడ్డలి పడితే రొట్టె కోసినట్టు లోపలిదాకా దింపేస్తారు. నీ గొర్రెలు కూడా పొద్దస్తమానం మా నీడనే పడుంటున్నాయి. నువ్వొక్కడివే రావు.”

వెళ్లాను.

గొడ్డలి బెరడునే కొయ్యాలి. దాని కింద లేత పొర ఉంటుంది. తల్లి అంటాం. తల్లికి దెబ్బ తగిలితే అక్కడ మళ్లీ మంచి బెరడు రాదు.

నలభై ఏళ్లలో నా గొడ్డలి తల్లిని తాకలేదు.

మధ్యాహ్నానికి వాడి బెరడు పలకలు నడుమెత్తు పేరుకున్నాయి. మరదలు గ్రాత్సియా వైన్ తెచ్చింది.

“చూశారా బావగారూ, ఎంత మందంగా వచ్చిందో!”

చూశాను.

తర్వాతది అడవి మొత్తంలో పెద్ద చెట్టు. నాన్న నాకు పని నేర్పింది దాని మీదే. పంపకాల్లో వాడికి పోయింది.

బెరడు తెగితే చప్పుడు బోలుగా ఉంటుంది, తల్లి తెగితే తడిగా. నా వేటుకు తడి చప్పుడొచ్చింది.

ఆగాల్సింది. ఇంకోటి వేశాను.

లారెంతు వచ్చి గాయంలో వేలు పెట్టి చూశాడు.

“చెయ్యి జారిందా, అన్నా?”

“ఊఁ.”

కూలీలు పని ఆపి చూస్తున్నారు. వాళ్లకూ ఆ చప్పుడు తెలుసు.

“ఎండ దెబ్బ. పెద్దాయన కదా,” అన్నాడు వాళ్లకు వినపడేలా. గ్లాసు నా చేతికిచ్చి, తాగేదాకా నిలబడ్డాడు.

తర్వాత పక్క చెట్టు దగ్గరికి నడిచాడు. కాండం మీద అరచెయ్యి ఆనించాడు.

“రా అన్నా. ఇది కానియ్యి.”

గొడ్డలి ఎత్తాను.

వాడు చెయ్యి తియ్యలేదు.