పరాయి కూటమి ఓడ

ప్రపంచం మూడు కూటములుగా చీలిపోయాక పరాయి కూటమి ఓడల్ని విశాఖ రేవులోకి రానివ్వడం మానేశారు. అవి దూరంగా ఆగి సాయం అడిగేవి, ఎవరూ పలకకపోతే వెళ్లిపోయేవి. రేవు పడవ నడిపే పైడితల్లికి అది అలవాటైపోయింది.

ఆ ఉదయం అలాంటి ఓడ ఒకటి, తమ వంటవాడికి పేగు పగిలిందని కబురు పెట్టింది.

"మన కూటమి కాదు కదమ్మా," అన్నాడు రేవు అధికారి నీరసంగా. "నన్నేం చెయ్యమంటావు?"

"మా అయ్య పడవ నడిపినప్పుడు రోగం ఏటని అడిగీవోరు బాబూ, జెండా ఏటని కాదు."

"ఆ రోజులు పోయాయి."

పైడితల్లి పడవ వేసుకెళ్లి ఆ వంటవాణ్ణి తెచ్చి ఆసుపత్రిలో చేర్చింది. డాక్టర్లు కూడా ఏమీ అడక్కుండా ఆపరేషన్ చేశారు. అతను బతికాడు. ఆమె ఉద్యోగం పోయింది.

కొన్నాళ్లకు ఆమె గంజి తీసుకెళ్లేసరికి అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఏమైందని అడిగింది. మంచం పక్కనున్న అనువాద యంత్రం అతని మాటను తెలుగులో వినిపించింది.

"మీ నేల తొక్కినందుకు మావాళ్లు నన్ను వెలివేశారు. ఓడ వెళ్లిపోయింది."

పైడితల్లి గంజి గ్లాసు అతని చేతికిచ్చింది.

"నన్నూ ఎల్లగొట్టేసినారులే. తాగు. నువ్వు లేచి తిరిగినాక ఇద్దరికీ పని ఎతకాల."